బైక్ కరెంటుతో జీపీఎస్ నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హ్యాండిల్ మీద నావిగేషన్ యూనిట్ పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఇది జరుగుతుంది. తెలియని ఊళ్లో, నాలుగు రోడ్ల కూడలికి వచ్చేసరికి స్క్రీన్ నల్లబడుతుంది. మర్నాడు మొదలవుతాయి ప్రశ్నలు. నన్ను తరచూ అడిగేవి, ఒకప్పుడు నేనే పక్కవాళ్లని అడిగినవి ఇక్కడ పెట్టాను. కరెంటు పని కొత్తవాళ్లకి కూడా అర్థం కావాలని కొన్నిచోట్ల కాస్త సాగదీశాను.

యూనిట్‌లోనే బ్యాటరీ ఉంది కదా, మళ్లీ ఈ వైరింగ్ గొడవ ఎందుకు?

ఎండలో స్క్రీన్ కనబడాలంటే బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచాలి. అలా పెడితే లోపలి బ్యాటరీ కొద్ది గంటలే వస్తుంది. యూనిట్ పాతబడేకొద్దీ ఆ కాస్తా తగ్గిపోతుంది. అయితే ఒక మాట: మీరు ఎప్పుడో నెలకోసారి దూరం వెళ్లేవాళ్లయితే ట్యాంక్ బ్యాగులో ఒక పవర్ బ్యాంక్ పడేసుకోండి, సరిపోతుంది. ఆ మాత్రం దానికి బండి వైర్లలో చెయ్యి పెట్టక్కర్లేదు. వారం వారం తిరిగేవాళ్లకి, వానొచ్చినా ఆగనివాళ్లకి మాత్రమే మిగతాదంతా.

బైక్‌ది 12 వోల్టులు, నా జీపీఎస్‌ది 5 వోల్టులు. నేరుగా కలిపేస్తే ఏమవుతుంది?

పోతుంది. ఆ 12 కూడా పేరుకే 12. బండి ఆపి ఉన్నప్పుడు పూర్తిగా ఛార్జయిన మామూలు బ్యాటరీ దగ్గర మీటర్ పెడితే 12.7 దాకా చూపిస్తుంది. ఇంజన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.5 మధ్య తిరుగుతుంది. సెల్ఫ్ కొట్టిన క్షణంలో 10కి, ఒక్కోసారి అంతకన్నా కిందికి పడిపోతుంది. కాబట్టి మధ్యలో వోల్టేజీ తగ్గించే కన్వర్టర్ ఒకటి ఉండాలి. అది ఇప్పటికే ఉందా, మీరు పెట్టాలా అన్నదే తేల్చుకోవాల్సింది.

బైకుల కోసమే చేసిన యూనిట్లకి వచ్చే క్రేడిల్ (యూనిట్‌ని కూర్చోబెట్టే తొట్టి) కేబుల్ చివర మామూలుగా ప్లగ్గు ఉండదు, రెండు వైర్లు బయటికి ఉంటాయి. వీటిలో చాలావాటికి వోల్టేజీ తగ్గించే సర్క్యూట్ క్రేడిల్‌లోనో, కేబుల్ మధ్యలో ఉండే చిన్న డబ్బాలోనో ఉంటుంది. నమ్మకంతో పని లేదు, దాని మీద 'ఇన్‌పుట్' అని ఎంత అచ్చేసి ఉందో చూడండి. 12 వోల్టులు అని ఉంటే నేరుగా కలపొచ్చు. 5 అని ఉంటే కన్వర్టర్ కావాలి.

కార్ల కోసం చేసిన యూనిట్ అయితే ఇంకో ఉచ్చు ఉంది. సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టే ఆ లావు ప్లగ్గు ఉత్త ప్లగ్గు కాదు, కన్వర్టర్ దానిలోపలే ఉంటుంది. నా మొదటి ఘనకార్యం ఇక్కడే. 'ఇంత లావు ప్లగ్గు బైక్ మీద ఎందుకు' అని కత్తిరించి, వైర్లు రెండూ బ్యాటరీకి బిగించాను. స్క్రీన్ ఒకసారి తెల్లగా వెలిగింది, అంతే. కోసి పడేసిన ప్లగ్గుని తర్వాత విప్పి చూస్తే లోపల గోరంత కాయిల్, ఒక ఐసీ, రెండు కెపాసిటర్లు ఉన్న చిన్న ఆకుపచ్చ బోర్డు. నేను కోసింది ఆ బోర్డుకీ యూనిట్‌కీ మధ్య. మీరూ ఆ ప్లగ్గునే వాడాలనుకుంటే వైరు కోయకండి. ప్లగ్గు తొడుగు విప్పి, ముక్కు దగ్గరి స్ప్రింగుకి ప్లస్, పక్క రేకులకి మైనస్ కలిపితే బోర్డు మధ్యలోనే ఉంటుంది.

ఎలాంటి కన్వర్టర్ కొనాలి?

'బక్' రకం, అంటే స్విచింగ్ కన్వర్టర్. పాత ఎలక్ట్రానిక్స్ పుస్తకాలు చదివినవాళ్లు 7805 ఐసీ (5 వోల్టులిచ్చే పాతరకం రెగ్యులేటర్ చిప్పు) వాడదామంటారు. లెక్క చూడండి: 14 వోల్టులు లోపలికి, 5 బయటికి, ఒక ఆంపియర్ లాగితే మిగిలిన 9 వోల్టులూ వేడిగానే పోవాలి. జీపీఎస్ వాడుకునేది 5 వాట్లు, ఐసీ వేడెక్కేది 9 వాట్లు. మంచి బక్ కన్వర్టర్‌లో నూటికి పది, పదిహేను వంతులకి మించి వృథా కాదు.

చవక బక్ కన్వర్టర్లతో వేరే చిక్కు. అవి వెదజల్లే రేడియో రొద జీపీఎస్ సిగ్నల్‌ని మింగేస్తుంది. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. అక్కడి నుంచి 1575.42 మెగాహెర్ట్జ్ మీద వచ్చే సిగ్నల్ మన దాకా చేరేసరికి చాలా చాలా బలహీనంగా ఉంటుంది. దాని పక్కనే నాసిరకం కన్వర్టర్ గోల చేస్తుంటే ఏం వినబడుతుంది? పరీక్ష తేలిక. బయట ఆకాశం కనబడేచోట నిలబడి యూనిట్‌లో ఉపగ్రహాల పేజీ తెరవండి. కేబుల్ పెట్టి చూడండి, తీసి చూడండి. పెట్టగానే గీతలన్నీ కుంగిపోతే దోషం కన్వర్టర్‌దే. ముందు దాన్ని యూనిట్‌కి కాస్త దూరంగా జరిపి చూడండి. అప్పటికీ అంతే అయితే మార్చేయండి.

ఇన్‌పుట్ 24 లేదా 30 వోల్టుల దాకా తట్టుకునేది తీసుకోండి. బండి రెగ్యులేటర్ (ఛార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచేది) పాడైతే వోల్టేజీ 16, 17 దాటి ఎగబాకుతుంది. కన్వర్టర్ పోయినా ఫరవాలేదు, జీపీఎస్ పోకూడదు కదా.

ఎంత కరెంటు లాగుతుంది? చిన్న బండి తట్టుకుంటుందా?

హాయిగా. 5 వోల్టుల దగ్గర ఒక ఆంపియర్ అంటే 5 వాట్లు. బ్యాటరీ వైపు నుంచి చూస్తే అర ఆంపియర్. మామూలు బ్రేక్ లైటు బల్బు ఒక్కటే 21 వాట్లు. జీపీఎస్ పెడితే బ్యాటరీ లాగేస్తుందేమోనని దీని గురించి టెన్షన్ పడేవాళ్లు చాలామంది. పడాల్సింది తర్వాతి ప్రశ్న గురించి.

బ్యాటరీకి డైరెక్టుగా కలపాలా, తాళం తిప్పితే వచ్చే వైరుకా?

తాళంతో వచ్చేదానికే. డైరెక్టు తేలికే, ఒప్పుకుంటాను. రెండు బోల్టులు వదులు చేసి రెండు లగ్గులు (వైరు చివర ఉండే రింగు రేకులు) బిగిస్తే పని అయిపోతుంది. కానీ యూనిట్ తీసి జేబులో వేసుకుని వెళ్లిపోయినా కన్వర్టర్ అక్కడే ఉంటుంది, ఊరికే కూర్చుని తింటూ ఉంటుంది. అది 10 మిల్లీఆంపియర్లే అనుకోండి. రోజుకి 0.24 ఆంపియర్ అవర్. 4 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉన్న చిన్న బండి అయితే పదహారు రోజుల్లో మొత్తం ఖాళీ. మొత్తం ఖాళీ అయ్యేదాకా కూడా అక్కర్లేదు, సగం దిగేసరికే సెల్ఫ్ 'టిక్ టిక్' అనడం మొదలెడుతుంది. పది రోజులు ఎటైనా వెళ్లొచ్చి బండి తీస్తే స్టార్ట్ కాదు. అప్పుడు ఎవరూ జీపీఎస్‌ని అనుమానించరు, బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొంటారు. అదీ పదిహేను రోజుల్లో పోతుంది.

తాళంతో వచ్చే కరెంటుకి ఇంకో సుఖం ఉంది. బండి ఆపగానే చాలా యూనిట్లు కరెంటు పోయిందని గమనించి, కాసేపు చూసి తమంతట తామే ఆగిపోతాయి. డైరెక్టుగా కలిపితే బండి ఆగిన సంగతే దానికి తెలియదు.

డైరెక్టే కావాలంటే మధ్యలో వాటర్‌ప్రూఫ్ స్విచ్ పెట్టండి. 'రోజూ ప్లగ్గు పీకేస్తాలే' అనేవాళ్లకి నా సమాధానం: మూడు రోజులు పీకుతారు.

తాళంతో వచ్చే వైరు బండిలో ఎక్కడ దొరుకుతుంది?

ముందు మీ బండికి యాక్సెసరీ కనెక్టర్ ఉందేమో చూడండి. హెడ్‌లైట్ వెనకో, సీటు కిందో వాడకుండా వదిలేసిన రెండు పిన్నుల ప్లగ్గు చాలా బండ్లలో ఉంటుంది. కేటీఎం బండ్లలో కొన్నింటికి ఏసీసీ 1, ఏసీసీ 2 అని రెండు జతలు ఇస్తారు. మొదటిది ఎప్పుడూ కరెంటు ఉండేది, రెండోది తాళంతో వచ్చేది.

అలాంటిదేమీ లేకపోతే టెయిల్ లైటు లేదా పార్కింగ్ లైటు వైరు మంచిది. ఇండికేటర్ వైరు వద్దు, అది ఆగి ఆగి వస్తుంది. బ్రేక్ లైటు వద్దు, తొక్కినప్పుడే వస్తుంది. ఫ్యూయల్ పంపు, ఇగ్నిషన్ కాయిల్, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్)లకి వెళ్లే వైర్ల జోలికి అసలు వెళ్లకండి. మీ జాయింట్ వదులైతే జీపీఎస్ ఆగితే ఆగనివ్వండి, ఇంజన్ ఆగకూడదు. హెడ్‌లైట్ వైరు గురించి ఒక హెచ్చరిక: పాత చిన్న బండ్లలో హెడ్‌లైట్‌కి బ్యాటరీ కరెంటు కాకుండా మాగ్నెటో (ఇంజన్‌తో పాటు తిరిగే చిన్న జనరేటర్) నుంచి నేరుగా ఏసీ కరెంటు వచ్చేది. ఇంజన్ రేజ్ చేస్తే లైటు పెరిగి, ఐడ్లింగ్‌లో మసకబారే బండ్లు అవే. అక్కడ కన్వర్టర్ కలిపితే దాని ఆయుష్షు తీరినట్టే.

రంగుని బట్టి వైరు ఎంచుకోకండి. నలుపు అంటే మైనస్ అని మనకి అలవాటు. హోండా బండ్లలో మైనస్ ఆకుపచ్చ, నలుపు వైరులో తాళం తిప్పితే వచ్చే ప్లస్ ఉంటుంది. సుజుకీలో నలుపు మీద తెల్ల గీత మైనస్, నారింజ రంగు తాళంతో వచ్చే ప్లస్. మీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల మొన బ్యాటరీ మైనస్‌కి తాకించి, ఎర్ర మొనతో వెతకండి. తాళం ఆఫ్‌లో సున్నా, ఆన్‌లో 12 పైన చూపించాలి. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి, లైటు స్విచ్‌లు మార్చి మళ్లీ చూడండి. అప్పుడే ఆ వైరు మీది.

మా బండికి క్యాన్ బస్ ఉంది. వైర్లు ముట్టుకోవచ్చా?

లైటు వైర్లని ముట్టుకోకపోవడమే మంచిది. క్యాన్ బస్ అంటే బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైరింగు. అలాంటి బండ్లలో ఏ సర్క్యూట్ ఎంత లాగుతోందో ఒక కంప్యూటర్ గమనిస్తూ ఉంటుంది. తేడా వస్తే డ్యాష్ మీద హెచ్చరిక వెలుగుతుంది, కొన్నిసార్లు ఆ సర్క్యూట్‌నే మూసేస్తుంది. కంపెనీ ఇచ్చిన యాక్సెసరీ సాకెట్ వాడుకోండి. తాళం తీశాక ఆ సాకెట్‌కి కొద్ది నిమిషాలు కరెంటు ఉండి తర్వాత ఆగిపోవడం కూడా కంప్యూటర్ పనే, లోపం అనుకోవద్దు.

రిలే తప్పనిసరా?

రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్. ఒక్క జీపీఎస్‌కి అక్కర్లేదు. అర ఆంపియర్‌ని టెయిల్ లైటు వైరు సులువుగా మోస్తుంది. రేపు ఫాగ్ లైట్లో, హీటెడ్ గ్రిప్పులో పెడతాననుకుంటే ఇప్పుడే రిలే, దానితో పాటు చిన్న ఫ్యూజు బాక్సు పెట్టేయండి. పద్ధతి ఎప్పుడూ ఒకటే, అంకెలు రిలే పిన్నుల పక్కన రాసి ఉంటాయి. 30కి బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు ద్వారా వచ్చే వైరు, 87 నుంచి పరికరాలకి, 86కి టెయిల్ లైటు ప్లస్, 85కి మైనస్. టెయిల్ లైటు మోయాల్సింది రిలే కాయిల్‌ని మాత్రమే, అది 150 మిల్లీఆంపియర్ల వరకు లాగుతుంది. లోపలే డయోడ్ ఉన్న రిలే అయితే 85, 86 తారుమారు చేయకూడదు.

ఫ్యూజు ఎంతది? ఎక్కడ పెట్టాలి?

2 ఆంపియర్లు. ప్లస్ వైరు మీద, కరెంటు తీసుకున్న చోటికి జానెడు లోపు.

'ఎక్కడ పెడితే ఏముంది, లోపల కాలడమే కదా' అంటారు. ఫ్యూజు జీపీఎస్‌ని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. అది హ్యాండిల్ దగ్గర ఉంటే, బ్యాటరీ నుంచి అక్కడిదాకా వచ్చే మీటరు పైచిలుకు వైరుకి దిక్కెవరు? ఆ వైరు పోయేది పెట్రోలు ట్యాంకు కిందుగా. ఫ్రేమ్ అంచుకి రాసుకుని తొడుగు చిరిగితే, చిన్న బైక్ బ్యాటరీ అయినా ఆ షార్టులోకి పదుల ఆంపియర్లు తోసేస్తుంది. సన్న వైరు కొద్ది క్షణాల్లో ఎర్రబడుతుంది. ట్యాంకు కింద అది జరగాలని ఎవరూ కోరుకోరు.

ఫ్యూజు పదే పదే పోతుంటే పెద్దది వేయకండి, రాపిడి ఎక్కడ జరుగుతోందో వెతకండి. సీటు కింద రెండు స్పేర్ ఫ్యూజులు టేపుతో అతికించి ఉంచుకోండి.

టంకం వేయాలా, క్రింప్ చేయాలా (లగ్గులో వైరు పెట్టి టూలుతో గట్టిగా నొక్కాలా)? టేపు చుడితే చాలదా?

టేపు చాలదు. ఎండకి జిగురు కరిగి జారుతుంది, వానకి ఊడుతుంది.

టంకం ఇంట్లో రేడియోకి మంచిదే. బైక్ మీద సంగతి వేరు. టంకం వేసినప్పుడు అది వైరు పోగుల్లోకి పాకి, కొంత మేర వైరుని కడ్డీలా బిగుసుకుపోయేట్టు చేస్తుంది. ఆ కడ్డీ ఆగి మెత్తటి వైరు మొదలయ్యే గీత దగ్గర, ఇంజన్ అదురుకి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. నా బండిలో సరిగ్గా అలాగే అయింది. జీపీఎస్ గుంతల్లో ఆగేది, మంచి రోడ్డు మీద పని చేసేది. రెండు వారాలు యూనిట్‌నే తిట్టుకున్నాను. చివరికి వైరుని వేళ్ల మధ్య పెట్టి అంగుళం అంగుళం వంచుతూ పోతే ఒకచోట తోలు లోపల ఏమీ లేనట్టు మెత్తగా వంగింది. పైన తోలు చెక్కు చెదరలేదు. కోసి చూస్తే పద్నాలుగు పోగుల్లో రెండే మిగిలాయి.

సరైన సైజు లగ్గు, సరైన క్రింపింగ్ టూలు, దాని పైన హీట్ ష్రింక్ స్లీవు (వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే గొట్టం), లోపల జిగురు ఉన్నది. కటింగ్ ప్లయర్‌తో నొక్కింది క్రింప్ కాదు. క్రింప్ అయ్యాక గట్టిగా లాగి చూడండి, ఊడితే ఇప్పుడే ఊడాలి. పాత వైరు మీద నొక్కి పట్టేసే నీలం రంగు ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి చూశారా, వాటిలోని రేకు పోగుల్ని కోస్తుంది, కోసినచోట నీళ్లు చేరి రాగి పచ్చగా మారుతుంది. కొద్ది రోజుల ముచ్చటకి పర్లేదు. వైరు 0.5 లేదా 0.75 చదరపు మిల్లీమీటర్లది, ఎక్కువ పోగులున్నది తీసుకోండి. ఇంటి వైరింగులో వాడే ఒంటి తీగ అదురుకి విరుగుతుంది.

మైనస్‌ని ఫ్రేమ్‌కి బిగించేస్తే పని అయిపోదా?

అవుతుంది, ఆ బోల్టు కింద పెయింటు లేకపోతే. ఉంటే ఎప్పుడో ఒకసారి సతాయిస్తుంది. ఎలాగూ ఒక వైరు వెనక్కి వెళ్తోంది, పక్కనే రెండోది కూడా బ్యాటరీ మైనస్ దాకా తీసుకెళ్లండి.

వైరు ఏ దారిన తీసుకెళ్లాలి?

అసలు శ్రమంతా ఇక్కడే. కరెంటు పని అరగంట, వైరు సర్దడం అరపూట. సీటు, ట్యాంకు తీసి, బండి సొంత వైర్లు వెళ్లే దారినే పట్టండి, కంపెనీ వాళ్లు ఆలోచించే పెట్టి ఉంటారు. సిలిండర్‌కీ సైలెన్సర్‌కీ దూరంగా ఉండాలి. ట్యాంకు రబ్బరు దిండ్ల కింద నలగకూడదు. ట్యాంకు దించేటప్పుడు వైరు నలగడం నేను చూసిన షార్టుల్లో మొదటి కారణం.

స్టీరింగ్ దగ్గర వైరుకి ఒక వదులు మలుపు ఉంచండి. ట్యాగులు బిగించకముందే హ్యాండిల్‌ని చివరిదాకా ఎడమకి, చివరిదాకా కుడికి తిప్పండి. వైరు బిగుసుకోకూడదు, ఇరుక్కోకూడదు. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో, రెండు చివర్లలోనూ యాక్సిలరేటర్ తిప్పి వదలండి. 'టక్' మని వెనక్కి రావాలి. హ్యాండిల్ తిప్పినప్పుడు ఇంజన్ దానంతట అది రేజ్ అయితే మీ వైరు యాక్సిలరేటర్ కేబుల్‌ని లాగుతున్నట్టు. అది సరి చేయకుండా బండి తీయకండి.

5 వోల్టుల వైరుని సీటు కింది నుంచి హ్యాండిల్ దాకా లాగొచ్చా?

లాగొద్దు. 12 వోల్టులనే ముందు దాకా తెచ్చి, అక్కడ కన్వర్టర్ పెట్టండి. సన్న యూఎస్‌బీ కేబుల్లో ఒక్కో వైరు అడ్డు (రెసిస్టెన్స్) మీటరుకి 0.2 ఓమ్ పైనే ఉంటుంది. పోను రాను కలిపి మీటరు కేబుల్‌కి 0.4 దాటుతుంది. 2 ఆంపియర్లు లాగితే 0.8 వోల్టు దారిలోనే హరీ. 12లో అది పోతే తెలియదు, 5లో పోతే మిగిలేది 4.2. 'ఛార్జింగ్ గుర్తు చూపిస్తోంది కానీ శాతం తగ్గుతోంది' అనే ఫిర్యాదులో సగం ఇదే.

సెల్ఫ్ కొట్టగానే జీపీఎస్ ఆరిపోయి మళ్లీ మొదలవుతోంది.

సెల్ఫ్ తిరిగేటప్పుడు వోల్టేజీ కుంగుతుంది, కొన్ని బండ్లలో లైట్ల సర్క్యూట్ ఆ క్షణం పాటు ఆగిపోతుంది కూడా. యూనిట్‌లో సొంత బ్యాటరీ బాగుంటే ఆ రెండు సెకన్లు నెట్టుకొస్తుంది. ఆరిపోతోందంటే ముందు దాని బ్యాటరీ ముసలిదైందేమో చూడండి.

కరెంటు వస్తోంది, కానీ 'కంప్యూటర్‌కి కనెక్ట్ అయింది' అన్న బొమ్మ తప్ప మ్యాప్ రావట్లేదు.

కేబుల్ మార్చాలి. గార్మిన్ వారి మినీ యూఎస్‌బీ యూనిట్లలో ఇది బాగా తెలిసిన సంగతి. ఆ ప్లగ్గులో నాలుగో పిన్నుకీ మైనస్‌కీ మధ్య ఒక రెసిస్టర్ ఉంటేనే యూనిట్ అది ఛార్జర్ అని గుర్తిస్తుంది. మామూలు డేటా కేబుల్లో ఆ పిన్ను ఖాళీ. కరెంటు వైరింగు మొత్తం సరిగ్గా ఉన్నా ఈ ఒక్కదానికి రోజంతా పోగొట్టుకున్నవాళ్లున్నారు.

యూనిట్ వాటర్‌ప్రూఫే. వానలో ఛార్జింగ్ పెట్టొచ్చా?

ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఆగినా లోపలికి నీళ్లు వెళ్లవని. యూఎస్‌బీ రంధ్రం మూత తెరిచి కేబుల్ పెట్టాక ఆ మాట వర్తిస్తుందో లేదో మాన్యువల్‌లో చూసుకోవాలి. స్ప్రింగు పిన్నులున్న క్రేడిల్ వానకి మేలు. కేబుల్ ప్లగ్గులోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరిగేలా కట్టండి, నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

యూనిట్ ఎందుకు, ఫోనే పెట్టుకుంటే?

వైరింగు అదే. తేడా కెమెరాకి. పెద్ద ఇంజన్ల అదురు హ్యాండిల్ ద్వారా నేరుగా తగిలితే ఐఫోన్ కెమెరా పనితీరు దెబ్బతినవచ్చని యాపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. అదురు తగ్గించే మౌంట్ వాడండి, లేదా పాత ఫోన్‌ని బలి ఇవ్వండి.

మాది పాత కాలపు బండి. ఇదంతా దానికీ వర్తిస్తుందా?

ముందు అది 6 వోల్టులా 12 వోల్టులా చూడండి. పాత బ్రిటిష్ బండ్లలో బ్యాటరీ ప్లస్‌ని ఫ్రేమ్‌కి కలిపేవాళ్లు, అక్కడ అంతా తలకిందులు. ఫ్రేమ్‌కి తగిలే లోహపు ఒంటి యూఎస్‌బీ సాకెట్ పెడితే షార్టే.

బ్యాటరీ విప్పేటప్పుడు ఏది ముందు?

మైనస్ ముందు తీయాలి, బిగించేటప్పుడు మైనస్ చివర. ప్లస్ ముందు విప్పుతూ స్పానర్ ఫ్రేమ్‌కి తగిలితే ఆ మెరుపు చూసినవాళ్లు ఈ వరుస మళ్లీ మరిచిపోరు.

అన్నీ చెప్పినట్టే చేశాను. అయినా పని చేయట్లేదు!

మీటర్ తీసుకుని బ్యాటరీ నుంచి ముందుకి నడవండి. ఫ్యూజుకి ముందు 12 ఉందా, తర్వాత ఉందా. కన్వర్టర్ దగ్గర 12 ఉందా, అవతల 5 ఉందా. ఎక్కడ ఆగిపోతే తప్పు దానికి ముందు జానెడులో ఉంటుంది. అన్నిచోట్లా సరిగ్గా చూపిస్తూ యూనిట్ మాత్రం వెలగకపోతే, యూనిట్ తగిలించి ఉంచే మళ్లీ కొలవండి. వదులు జాయింట్ లోడు లేనప్పుడు 12 చూపించి, లోడు పడగానే 7కో 8కో జారిపోతుంది. కొలుస్తూ ఉండగా ఎవరినైనా హ్యాండిల్ నెమ్మదిగా అటూ ఇటూ తిప్పమనండి. మీటర్‌లో అంకె ఎగిరిపడినచోట చెయ్యి ఆపండి.